డీమన్ స్లేయర్ ఆఖరి యుద్ధం టీవీ వదిలి థియేటర్‌కి ఎందుకు వచ్చింది?

క్లుప్తంగా: కొయొహారు గొటోగె గీసిన మాంగా (జపాన్ కామిక్) ‘డీమన్ స్లేయర్: కిమెట్సు నో యాయిబా’ 2020లోనే పూర్తయింది. అందులోని ఆఖరి యుద్ధాన్ని యూఫోటేబుల్ స్టూడియో టీవీ సీజన్‌గా కాకుండా ‘ఇన్ఫినిటీ క్యాసిల్’ పేరుతో మూడు సినిమాలుగా తీస్తోంది. మొదటిది 2025 జులై 18న జపాన్‌లోనూ, సెప్టెంబర్ 12న తెలుగు డబ్బింగ్‌తో కలిపి ఇండియాలోనూ విడుదలైంది. ఈ నిర్ణయం వెనక డబ్బు ఒక్కటే లేదు. మాంగా ముందే ముగిసిపోవడం, పెట్టుబడి పెట్టినవాళ్లు ముగ్గురే కావడం, స్టూడియో పని పద్ధతి, కథ అమరిక అన్నీ కలిసి అటు నడిపించాయి. ఇందులో ప్రేక్షకుడు కోల్పోయేదీ కొంత ఉంది.

(మొదటి సినిమాలో ఏం జరుగుతుందో ఈ వ్యాసంలో ఉంది. రాబోయే రెండు సినిమాల కథ జోలికి వెళ్లలేదు.)

మొదటి భాగం చూసి బయటికి వచ్చిన చాలామందికి ఒకే సందేహం. రెండున్నర గంటలు దాటిన సినిమా అయిపోయింది, కథ మాత్రం అవలేదు. విలన్ ముజాన్ చెక్కుచెదరలేదు, కోటలో సగం పోరాటాలు మధ్యలోనే ఉన్నాయి. అసలు ఎన్ని భాగాలు? ముందు సీజన్లు చూడకపోతే అర్థమవుతుందా? టీవీలో ఎందుకు రాలేదు? అనిమే, అంటే జపాన్ యానిమేషన్, కొత్తగా చూస్తున్నవాళ్లకి ఈ గందరగోళం ఎక్కువ. వీటికి జవాబు దొరకాలంటే జపాన్‌లో ఒక మాంగా తెర మీదకి ఎలా వస్తుందో కొంచెం చూడాలి.

## కథ ఇప్పటిదాకా

తైషో యుగం, అంటే 1912కీ 1926కీ మధ్య కాలం. కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంట్లో పెద్ద కొడుకు తంజిరో కమాడో. ఒక రాత్రి అతను ఇంట్లో లేనప్పుడు కుటుంబం మొత్తం హతమవుతుంది. బతికిన ఒక్క చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేయడానికి అతను రాక్షస సంహార దళంలో చేరతాడు. దళంలో అందరికంటే బలమైన తొమ్మిదిమంది హషీరాలు. ఎదురుగా రాక్షసులందరికీ మూలమైన ముజాన్, అతని కింద పన్నెండుమంది సేనానులు. వాళ్లలో పై ఆరుగురు అప్పర్ మూన్లు.

2019 ఏప్రిల్‌లో మొదలైన తొలి సీజన్‌లో 26 ఎపిసోడ్లు. 2020 అక్టోబర్‌లో ‘ముగెన్ ట్రైన్’ సినిమా వచ్చింది. దాన్నే 2021లో 7 ఎపిసోడ్లుగా టీవీకి ఇచ్చారు. తర్వాత 2021-22లో ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ 11 ఎపిసోడ్లు, 2023లో స్వోర్డ్‌స్మిత్ విలేజ్ 11, 2024లో హషీరా ట్రైనింగ్ 8. చివరి ఎపిసోడ్‌లో ముజాన్ దళాధిపతి ఇంటికి వస్తాడు, ఇల్లు పేలిపోతుంది, హషీరాలు చుట్టుముడతారు. అంతలో కాళ్ల కింద తలుపులు తెరుచుకుని దళం దళమంతా ముజాన్ ఉండే అంతులేని కోట ‘ఇన్ఫినిటీ క్యాసిల్’లోకి పడిపోతుంది. 2024 జూన్ 30న అది ప్రసారమైన వెంటనే, మిగిలిన యుద్ధం మూడు సినిమాలుగా వస్తుందని ప్రకటించారు.

కాబట్టి ఇన్ఫినిటీ క్యాసిల్ విడిగా నిలబడే సినిమా కాదు. ఆ పతనం మధ్యలోంచే మొదలవుతుంది. పాత్రల పరిచయం దాదాపు ఉండదు. కొత్తవాళ్లు కనీసం తొలి సీజన్, ముగెన్ ట్రైన్, హషీరా ట్రైనింగ్ చివరి ఎపిసోడ్ చూసి వెళ్తే తప్ప ఎవరి మీద ఎవరికి ఎందుకంత కోపమో పట్టుబడదు.

## ముగిసిపోయిన మాంగా ఇచ్చిన ధైర్యం

ఈ మొత్తం వ్యవహారానికి పునాది ఇక్కడే ఉంది. డీమన్ స్లేయర్ షుఎయిషా ప్రచురణ సంస్థ వారపత్రిక వీక్లీ షోనెన్ జంప్‌లో 2016 ఫిబ్రవరిలో మొదలై 2020 మేలో ఆగిపోయింది. మొత్తం 205 చాప్టర్లు, 23 సంపుటాలు. జంప్‌లో పెద్ద హిట్ అయిన కథకి ఇది చాలా చిన్న ఆయుష్షు. అదే పత్రికలో 1997లో మొదలైన ‘వన్ పీస్’ 1,100 చాప్టర్లు దాటి ఇంకా నడుస్తోంది.

ముగింపు వచ్చిన సమయం మరీ ఆశ్చర్యకరం. 2019 అనిమే ప్రసారమయ్యాక మాంగా అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకాయి. కథకి ఆదరణ శిఖరానికి చేరుతున్న రోజుల్లోనే గొటోగె కథను ముగించేశారు. అమ్ముడవుతున్నంత కాలం సాగదీసే అవకాశం ఉన్నా ఆ పని జరగలేదు. 2021 ఫిబ్రవరి నాటికి 15 కోట్ల ప్రతులు, 2025 జులై నాటికి డిజిటల్‌తో కలిపి 22 కోట్లు చెలామణిలో ఉన్నాయి. అంటే కథ అయిపోయాక కూడా కొత్త పాఠకులు వస్తూనే ఉన్నారు.

సినిమా తీసేవాళ్లకి దీనివల్ల కలిగే లాభం పెద్దది. నడుస్తున్న మాంగాని అనిమేగా తీస్తే, అనిమే ఎప్పుడో ఒకప్పుడు మాంగాని అందుకుంటుంది. అప్పుడు మూలంలో లేని ఎపిసోడ్లు కల్పించి కాలం గడపాలి. ‘నరుటో’ చూసినవాళ్లకి ఆ ఫిల్లర్ ఎపిసోడ్ల బాధ తెలిసిందే. లేదంటే ఆగి ఎదురుచూడాలి. ముగింపే తెలియని కథ మీద మూడు సినిమాల ప్రణాళిక వేయడం కుదరదు. ఎక్కడ విరవాలి, ఏ పోరాటానికి ఎంత సమయం ఇవ్వాలి, ఏ భాగం దేనితో ముగియాలి అన్నవి ఆఖరి పేజీ చేతిలో ఉన్నప్పుడే లెక్క కట్టగలరు. యూఫోటేబుల్‌కి ఆ ఆఖరి పేజీ 2020 నుంచీ చేతిలోనే ఉంది.

మరో వైపు చూస్తే ముగింపు అందరికీ తెలుసు కూడా. 23వ సంపుటం చదివినవాళ్లు కోట్లలో ఉన్నారు. అయినా వాళ్లే మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లారు. వాళ్లు వెళ్లింది ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు, నలుపు తెలుపు పేజీలో తాము చదివిన పోరాటం తెర మీద ఎలా కదులుతుందో చూడటానికి. పురాణ కథ తెలిసి కూడా రాత్రంతా కూర్చుని నాటకం చూసే మన ప్రేక్షకులకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

## పక్క కథల కాలం పోయింది

1980ల నుంచి చాలాకాలం పాటు జంప్ కథల మీద వచ్చిన సినిమాలు ఎక్కువగా పక్క కథలే. డ్రాగన్ బాల్ సినిమాల పద్ధతి అది. అసలు కథకి తగలకుండా కొత్త విలన్, కొత్త చోటు, గంట లోపో కాస్త పైనో ముగింపు. టీవీ చూడని పిల్లవాడు కూడా వెళ్లి చూడొచ్చు, చూడకపోయినా నష్టం లేదు. డిటెక్టివ్ కోనన్ సినిమాలు ఇప్పటికీ దాదాపు ఏటా ఇదే దారిలో వస్తూ బాగా ఆడుతున్నాయి. 2022లో వచ్చిన ‘వన్ పీస్ ఫిల్మ్ రెడ్’ కూడా ఇలాంటిదే.

ముగెన్ ట్రైన్ ఈ అలవాటును తిప్పేసింది. అందులో ఉన్నది అసలు కథే. 54 నుంచి 66 దాకా ఉన్న చాప్టర్లను యథాతథంగా తెరకెక్కించారు. చూడకుండా వదిలేస్తే తర్వాతి సీజన్ అర్థం కాదు. అయినా ఆ సినిమా జపాన్‌లో 4,000 కోట్ల యెన్లు దాటి, 2001 నుంచీ మొదటి స్థానంలో ఉన్న ‘స్పిరిటెడ్ అవే’ని దాటేసింది. మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. 2021 చివర్లో ‘జుజుత్సు కైసెన్ 0’ అసలు కథకి ముందు జరిగిన భాగాన్ని చూపించింది. వాలీబాల్ కథ ‘హైక్యూ’ వాళ్లు 2024 ఫిబ్రవరిలో ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మ్యాచ్‌ని సినిమాగా ఇచ్చారు. ‘చెయిన్‌సా మ్యాన్’ రెజె భాగం 2025 సెప్టెంబర్‌లో నేరుగా థియేటర్‌కే వచ్చింది.

ఈ వరసలో ఎక్కువ ఆలోచింపజేసేది బాస్కెట్‌బాల్ కథ ‘స్లామ్ డంక్’. ఆ మాంగా 1996లో ముగిసింది. టీవీ అనిమే కూడా అదే ఏడాది ఆగిపోయింది, కానీ మాంగాలో అందరూ గుర్తుపెట్టుకునే ఆఖరి మ్యాచ్ చూపించకుండానే. ఆ మ్యాచ్ తెర మీదకి రావడానికి 26 ఏళ్లు పట్టింది. 2022 డిసెంబర్‌లో రచయిత తకెహికో ఇనోఉయె స్వయంగా దర్శకత్వం వహించి తీశారు. ముగింపును సమయానికి తీయకపోతే ఒక తరం మొత్తం అది చూడకుండానే పెద్దదైపోతుంది అనడానికి స్లామ్ డంక్ ఒక ఉదాహరణ. ఆలస్యమైనా ప్రేక్షకులు వస్తారనడానికీ అదే ఉదాహరణ.

## నిర్ణయం ముగ్గురి చేతిలో

జపాన్‌లో అనిమే సాధారణంగా నిర్మాణ కమిటీ పద్ధతిలో తయారవుతుంది. ప్రచురణకర్త, టీవీ ఛానల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ, యాడ్ ఏజెన్సీ తలో కొంత పెట్టుబడి పెడతాయి. నష్టం వస్తే అందరికీ పంచుకుపోతుంది, లాభం కూడా అంతే. బొమ్మలు గీసే స్టూడియో చాలాసార్లు ఈ కమిటీలో ఉండదు. దానికి ముందుగా మాట్లాడుకున్న కూలి ముడుతుంది. సినిమా ఎంత ఆడినా అంతే. అనిమే కార్మికుల జీతాల గురించి ఏళ్లుగా జరుగుతున్న చర్చకి ఇదొక ముఖ్యమైన మూలం.

డీమన్ స్లేయర్ కమిటీలో మూడే పేర్లు ఉంటాయి. అనిప్లెక్స్, షుఎయిషా, యూఫోటేబుల్. ఛానల్ లేదు. తొలి సీజన్ టోక్యో ఎంఎక్స్‌తో పాటు చిన్న చిన్న స్థానిక స్టేషన్లలో వచ్చింది, స్ట్రీమింగ్‌లో ఒకేసారి చాలా సర్వీసులకి ఇచ్చారు. పెద్ద నెట్‌వర్క్ అయిన ఫుజి టీవీ 2021లో ప్రసారకర్తగా వచ్చింది. కమిటీలో ఛానల్ ఉంటే తన స్లాట్ కోసం పట్టుబట్టడం మామూలే. ఇక్కడ ఆ ఒత్తిడి లేదు. కథని టీవీ నుంచి తీసి థియేటర్‌కి మార్చాలంటే ఒప్పించాల్సినవాళ్లు తక్కువ.

రెండో విషయం, స్టూడియోకి వాటా ఉంది. పని ఆలస్యమైతే, ఖర్చు పెరిగితే తన డబ్బే పోతుంది. బాగా వస్తే లాభంలో భాగం వస్తుంది. ఏళ్ల తరబడి ఒకే కథ మీద మొత్తం స్టూడియోని కూర్చోబెట్టే సాహసం కూలికి పనిచేసే స్టూడియో చేయలేదు.

మూడోది విదేశీ పంపిణీ. అనిప్లెక్స్ సోనీ మ్యూజిక్ జపాన్ అనుబంధ సంస్థ. అనిమే స్ట్రీమింగ్ సర్వీస్ క్రంచీరోల్‌ని 2021లో సోనీయే కొన్నది. ఇన్ఫినిటీ క్యాసిల్‌ని జపాన్ బయట చాలా దేశాల్లో విడుదల చేసింది క్రంచీరోల్, సోనీ పిక్చర్స్ కలిసి. పెట్టుబడి పెట్టే చెయ్యి, సీజన్లు చూపించే యాప్, దేశదేశాల థియేటర్లకి సినిమా చేర్చే యంత్రాంగం ఒకే గొడుగు కిందకి వచ్చాయి. 2020లో ముగెన్ ట్రైన్ వచ్చేనాటికి ఈ అమరిక ఇంత పూర్తిగా లేదు.

## యూఫోటేబుల్‌కి ఇది కొత్త కాదు

2000లో హికారు కొండో స్థాపించిన ఈ స్టూడియోకి ఒక కథని సినిమాల వరసగా తీయడం పాత అలవాటు. 2007 డిసెంబర్ నుంచి 2009 ఆగస్టు దాకా ‘కారా నో క్యోకాయి’ని ఏడు సినిమాలుగా తీసింది. తర్వాత ‘ఫేట్/స్టే నైట్’లోని హెవెన్స్ ఫీల్ కథని 2017, 2019, 2020ల్లో మూడు సినిమాలుగా ఇచ్చింది. టీవీ సీజన్‌కి సరిపడే కథని కోసుకుని, భాగాలుగా థియేటర్‌కి ఇచ్చే పద్ధతి డీమన్ స్లేయర్ కంటే ముందే అక్కడ స్థిరపడింది. 2024 ప్రకటన విని ఆశ్చర్యపోనివాళ్లు ఎవరైనా ఉంటే అది ఈ స్టూడియో పాత అభిమానులే.

పని పద్ధతి కూడా సినిమాకి అనువైనదే. చాలా స్టూడియోలు నేపథ్య చిత్రాలు, రంగులు, త్రీడీ, కంపోజిటింగ్ తలో చోటికి పంపిస్తాయి. యూఫోటేబుల్‌లో వీటిలో ఎక్కువ భాగం సొంత విభాగాల్లోనే జరుగుతుంది. పాత్రలు చేత్తో గీసినవి, గదులు త్రీడీలో కట్టినవి, ఆ రెండింటి మీద వెలుతురు, పొగ, దుమ్ము చేర్చి అతుకు కనబడకుండా చేసేది కంపోజిటింగ్. ఆ విభాగం పెద్ద యూఇచి తెరావో పేరు అనిమే అభిమానులకి దర్శకుడు హరువో సోతోజాకి పేరంత పరిచయం. కత్తి తిప్పినప్పుడు వచ్చే నీటి అలలు పాత ఉకియో-ఎ ముద్రణ చిత్రాల్లోని లావు గీతని గుర్తుచేస్తాయి. అవి తెర మీద సహజంగా కలిసిపోవడం ఈ పొందిక వల్లే.

ఇన్ఫినిటీ క్యాసిల్ ఈ బలాన్ని పూర్తిగా వాడుకునే చోటు. నకిమె అనే రాక్షసి బివా వాద్యం మీటినప్పుడల్లా గదులు జరుగుతాయి, తలకిందులవుతాయి, నేల గోడవుతుంది. మాంగాలో గొటోగె దాన్ని కొన్ని గీతల్లో సూచించి వదిలేశారు. తెర మీద అదే కోటని అడుగు లేని లోతుగా, కెమెరా కిందికి పడుతూనే ఉండేలా చూపించారు. వారానికో ఎపిసోడ్ ఇచ్చే టీవీ షెడ్యూల్‌లో ఇంత కట్టడం కుదరదు. ఒకసారి కట్టాక మూడు సినిమాలకీ అదే కోట పనికొస్తుంది కాబట్టి ఖర్చు కూడా పంచుకుపోతుంది. ఫుకుషిమా ప్రాంతం ఐజువకమత్సులో ఓకవసో అనే వేడినీటి ఊటల సత్రం ఉంది. లోపలి మెట్లు, తేలే వేదిక, దాని మీద షమిసెన్ అనే తీగ వాద్యం వాయించడం చూసి అభిమానులు అది ఈ కోటలాగే ఉందని వెతుక్కుంటూ వెళ్తున్నారు.

## అకాజాతో ఎందుకు మొదలుపెట్టారు

మొదటి భాగంలో మూడు పోరాటాలు. హషీరా షినోబు కోచో తన అక్కని చంపిన అప్పర్ మూన్ 2 దోమాని ఎదుర్కొని ప్రాణం పోగొట్టుకుంటుంది. తంజిరో స్నేహితుడు జెనిత్సు ఒకప్పుడు తనతో పాటు ఒకే గురువు దగ్గర నేర్చుకుని రాక్షసుడైపోయిన కైగాకుతో తలపడతాడు. తంజిరో, హషీరా గియూ కలిసి అప్పర్ మూన్ 3 అకాజాతో పోరాడతారు. ఉపశీర్షికలో ఉన్నది అకాజా పేరే.

ఇందులో కథాపరమైన కారణంతో పాటు ప్రేక్షకుల లెక్క కూడా ఉంది. ముగెన్ ట్రైన్ చివర్లో హషీరా క్యోజురో రెంగోకుని చంపింది అకాజాయే. జపాన్‌లో ఆ సినిమా చూసినవాళ్లలో చాలామంది తర్వాతి టీవీ సీజన్లన్నీ చూసి ఉండకపోవచ్చు. వాళ్లని అయిదేళ్ల తర్వాత మళ్లీ థియేటర్‌కి రప్పించడానికి ఇంతకంటే బలమైన పిలుపు లేదు. ఒక సినిమాలో తెరిచిన బాకీని మరో సినిమాలో తీర్చారు, మధ్యలో ఎన్ని సీజన్లు వచ్చినా.

అప్పర్ మూన్ల సంఖ్యలు కూడా కథనానికి సాయం చేస్తాయి. ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్‌లో ఆరో స్థానం, స్వోర్డ్‌స్మిత్ విలేజ్‌లో నాలుగు, అయిదు పోయాయి. కోటలో కైగాకు, నకిమె ఖాళీ స్థానాల్లోకి వచ్చారు. ఇంకా ఎవరు మిగిలారు, ఎంత దూరం ఉంది అన్నది ప్రేక్షకుడు తనే లెక్కపెట్టుకోగలడు. భాగాలుగా వచ్చే కథకి ఇది గొప్ప సదుపాయం.

అయితే ఇది సినిమాగా ఎంత నిలుస్తుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. విమర్శ ఎక్కువగా ఫ్లాష్‌బ్యాక్‌ల మీద వచ్చింది. పోరాటం పతాక స్థాయిలో ఉండగా ఆపి గతంలోకి వెళ్లడం, తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం. వారపత్రికలో ఇది పనిచేసే పద్ధతి. వారానికి ఇరవై పేజీల లోపు వచ్చే చాప్టర్‌లో ఒక వారం పోరాటం, మరో వారం గతం. పాఠకుడికి మధ్యలో ఏడు రోజుల విరామం ఉంటుంది. టీవీలోనూ ఎపిసోడ్ మారుతుంది. 155 నిమిషాల సినిమాలో ఆ విరామం ఉండదు, కాబట్టి లయ కుంటుపడుతుంది. దర్శకుడు మాంగాని కుదించకుండా తీయాలని ఎంచుకున్నాక ఈ లోటు తప్పదు.

కానీ అకాజా గతం దగ్గర మాత్రం ఆ ఎంపిక సరైనదని ఒప్పుకోవాలి. జబ్బుతో ఉన్న తండ్రి మందుల కోసం దొంగతనం చేసిన హకుజి అనే పిల్లవాడు, అతన్ని చేరదీసిన గురువు కెయిజో, గురువు కూతురు కొయుకి. ఆ కథకి తీసుకున్న సమయం వల్లే, రెంగోకుని చంపిన రాక్షసుడి ఓటమి దగ్గర థియేటర్‌లో చప్పట్ల బదులు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిమిషాలు తగ్గించి ఉంటే అది మరో ఫైట్ సీన్‌గా మిగిలిపోయేది.

## కోవిడ్ అదృష్టమేనా?

ముగెన్ ట్రైన్ విజయాన్ని చాలామంది కోవిడ్ ఖాతాలో వేశారు. అందులో కొంత నిజం ఉంది. హాలీవుడ్ సినిమాలు వాయిదా పడ్డాయి, థియేటర్లు ఖాళీగా ఉన్నాయి. టోక్యోలోని తోహో సినిమాస్ షింజుకులో మొదటి రోజు ఒక్కచోటే 42 ఆటలు వేశారు. మామూలు రోజుల్లో ఆ తెరలు దొరికేవి కావు.

ఆ వాదనకి అసలు పరీక్ష 2025లో జరిగింది. ముగెన్ ట్రైన్ మొదటి మూడు రోజుల వసూలు సుమారు 462 కోట్ల యెన్లు. ఇన్ఫినిటీ క్యాసిల్‌ది సుమారు 552 కోట్లు. 1,000 కోట్ల మార్కు అప్పుడు పది రోజుల్లో, ఇప్పుడు ఎనిమిది రోజుల్లో. తర్వాత ఇది కూడా స్పిరిటెడ్ అవేని దాటి జపాన్ చరిత్రలో రెండో స్థానానికి వచ్చింది. ప్రపంచవ్యాప్త వసూలు 2025 నవంబర్‌లో 10,000 కోట్ల యెన్లు దాటింది. ఒక జపాన్ సినిమా ఆ గీత దాటడం అదే మొదటిసారి. అమెరికాలో తొలి వారాంతానికి సుమారు 7 కోట్ల డాలర్లు వచ్చాయి, 1999 నాటి మొదటి పోకెమాన్ సినిమా పేరు మీద ఉన్న అనిమే ఓపెనింగ్ రికార్డు పోయింది.

టికెట్ ధరలు పెరిగాయి, ఐమ్యాక్స్ లాంటి ఖరీదైన తెరలు ఎక్కువయ్యాయి, ఆ తేడా తీసేయాలి. జపాన్‌లో వారం వారం ప్రేక్షకులకి ఇచ్చే కానుకల పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. ముగెన్ ట్రైన్‌కి రెంగోకు గురించి ప్రత్యేకంగా వేసిన చిన్న మాంగా పుస్తకం 45 లక్షలమందికి పంచారు. దాని కోసమే మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లు ఉన్నారు. అయినా పోటీ సినిమాలు నిండుగా ఉన్న ఏడాదిలో వచ్చిన ఈ అంకెల్ని కోవిడ్‌తో కొట్టిపారేయడం కుదరదు.

మధ్యలో జరిగిన ఒక పని కూడా చూడాలి. 2023, 2024 ఫిబ్రవరుల్లో కొత్త సీజన్ తొలి ఎపిసోడ్‌ని పాత సీజన్ చివరి ఎపిసోడ్‌లతో కలిపి థియేటర్లలో వేశారు. జపాన్‌తో మొదలుపెట్టి చాలా దేశాల్లో తిప్పారు. టీవీలో రాబోయేదాన్నే టికెట్ కొని చూశారు జనం. ఆఖరి యుద్ధానికి ముందే ప్రేక్షకుడికి థియేటర్ అలవాటు చేసినట్టయింది.

## తెలుగు డబ్బింగ్ సంగతి

ఇండియాలో జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఒకే రోజు విడుదల కావడం ఈ సినిమాకి సంబంధించి మనవాళ్లకి ముఖ్యమైన మార్పు. కొన్ని నగరాల్లో తెల్లవారుజామునే ఆటలు వేశారు. అది మన దగ్గర పెద్ద హీరోల సినిమాలకి ఉండే మర్యాద. అదే 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ తెలుగులో కూడా బాగా ఆడింది. బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లలదే అన్న నమ్మకం ఒకే సీజన్‌లో రెండు వైపుల నుంచి సడలింది.

భాగాలుగా వచ్చే కథకి తెలుగు ప్రేక్షకులు ముందే అలవాటుపడ్డారు. బాహుబలి 2015లో ఒక ప్రశ్న దగ్గర ఆగి 2017లో జవాబిచ్చింది. పుష్ప రెండు భాగాల మధ్య మూడేళ్లు. తేడా ఏమిటంటే బాహుబలి మొదటి భాగం చూడటానికి ముందు ఏదీ చూసి ఉండక్కర్లేదు. ఇక్కడ 63 ఎపిసోడ్ల గతం ఉంది. తెలుగు డబ్బింగ్‌తో సినిమాకి వచ్చే కొత్త ప్రేక్షకుడికి ఆ గతం కూడా తెలుగులో, సులభంగా దొరకాలి. అది జరగకపోతే డబ్బింగ్ వల్ల పెరిగే ప్రేక్షకులు మొదటి వారం దాటి నిలవరు. పంపిణీదారులు ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సింది దీన్నే.

## మిగిలిన 48 చాప్టర్ల లెక్క

తర్వాతి రెండు సినిమాల్లో ఎంత కథ పడుతుంది? దీనికి మాంగా పేజీలే ఆధారం.

తొలి సీజన్ 26 ఎపిసోడ్లలో సుమారు 53 చాప్టర్లు వచ్చాయి. పాటలు తీసేస్తే చాప్టర్‌కి పది నిమిషాల దాకా పడ్డాయి. ముగెన్ ట్రైన్ 117 నిమిషాల్లో 13 చాప్టర్లు, అంటే తొమ్మిది నిమిషాలు. ఇన్ఫినిటీ క్యాసిల్ మొదటి భాగం 140వ చాప్టర్ ప్రాంతం నుంచి 157 ప్రాంతం దాకా, 155 నిమిషాలు. చాప్టర్‌కి ఎనిమిదిన్నర నిమిషాలకి కాస్త పైన. టీవీ అయినా సినిమా అయినా ఈ స్టూడియో నడక పెద్దగా మారలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. సినిమా కాబట్టి కథని కుదించి పరుగెత్తించారన్న మాట అంకెల్లో నిలవదు.

ఇదే నడకతో చూస్తే, మిగిలిన 48 చాప్టర్లకీ కలిపి దాదాపు ఏడు గంటలు కావాలి. రెండు సినిమాలే ఉన్నాయి కాబట్టి ఒక్కోటి మూడున్నర గంటలవుతుంది. అది జరిగే పని కాదు. అయితే మాంగాలో కోట లోపలి యుద్ధం 183వ చాప్టర్‌తో ముగుస్తుంది. 184 నుంచి 205 దాకా ఉన్నది దాని తర్వాతి భాగం. కోట వరకే లెక్కపెడితే మిగిలేవి 26 చాప్టర్లు, మూడు గంటల ముప్పావు. రెండు సినిమాలకి అది చక్కగా సరిపోతుంది, ఒక్కోటి రెండు గంటల లోపే.

అంటే దారులు మూడు. నడక పెంచి మొత్తం కథని రెండు సినిమాల్లో పట్టించడం ఒకటి. ఆఖరి పోరాటంలో మాటలు తక్కువ, కదలిక ఎక్కువ కాబట్టి కొంతవరకు అది సాధ్యమే. మూడో సినిమాని బాగా పొడుగ్గా తీయడం రెండోది. కోట దాటాక వచ్చే భాగాన్ని ఈ మూడు సినిమాల తర్వాత వేరే రూపంలో ఇవ్వడం మూడోది. ప్రకటించిన పేరు ‘ఇన్ఫినిటీ క్యాసిల్’ కాబట్టి ఈ మూడో దారిని కొట్టిపారేయలేం. రెండో సినిమా ఏ చాప్టర్ దగ్గర ఆగిందన్నది చూస్తే ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారో తేలిపోతుంది. 180 దాటి ఆగితే మొత్తం కథ మూడు సినిమాల్లోనే పూర్తవుతుంది. 170 దగ్గరే ఆగితే ప్రేక్షకులు మూడో సినిమా తర్వాత కూడా ఎదురుచూడటానికి సిద్ధపడాల్సిందే.